కాళ్ళు వాచాయని బీపీ బిళ్ళ మానేయొద్దు

నమస్కారం అండి, వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే. ఇవాళ ఒక్క బీపీ బిళ్ళ గురించే మాట్లాడతాను, ఆమ్లోడిపిన్. మీ ఇంట్లో స్ట్రిప్ మీద కంపెనీ పేరు ఏదైనా ఉండొచ్చు, కింద చిన్న అక్షరాల్లో చూడండి, చాలామందికి అదే ఉంటుంది.

దీంతో ఎక్కువగా వచ్చే గొడవ కాళ్ళ వాపు. పొద్దున బాగానే ఉంటాయి, సాయంత్రానికి ఆడవాళ్ళకి పట్టీలు బిగుసుకుపోతాయి, మగవాళ్ళకి సాక్సు అచ్చు పడిపోతుంది. వెంటనే కిడ్నీలు పోయాయేమో అని భయపడిపోయి బిళ్ళ ఆపేస్తారు, లేదంటే షాపుకెళ్ళి నీరు పోయే ట్యాబ్లెట్ ఇవ్వమంటారు, అది ఇంకా తప్పు. ఎందుకంటే ఈ మందు సన్న రక్తనాళాల్ని వదులు చేస్తుంది, బీపీ తగ్గేది అందుకే, కానీ రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళే సిరలు అంతగా వదులవ్వవు కాబట్టి లోపలి నీరు కొంచెం చీలమండల దగ్గర బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి ఆ ట్యాబ్లెట్ పెద్దగా పనిచెయ్యదు, పైగా పొటాషియం పడిపోతుంది. 5 మిల్లీగ్రాముల మీద కంటే 10 మీద వాపు ఎక్కువ. డోసు తగ్గించడమో, టెల్మిసార్టన్ లాంటి ఇంకో బీపీ మందు కలపడమో డాక్టరు చూసుకుంటారు. అయితే ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వస్తున్నా ఈ బిళ్ళ మీదకి నెట్టెయ్యకండి, ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళండి.

మొదట్లో తలనొప్పి, మొహం వేడెక్కడం, గుండె దడ ఉంటాయి, చాలామందికి కొన్నాళ్ళకి సర్దుకుంటాయి. చిగుళ్ళు పెరిగి పళ్ళ మీదకి రావడం మాత్రం ఎవరూ చెప్పరు, పళ్ళ డాక్టరు దగ్గర కూడా ఈ మందు పేరు చెప్పాలి. పొడి దగ్గు దీనిది కాదండి, అది రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే వేరే బీపీ మందుల బాపతు.

ఒంట్లో నిదానంగా తగ్గే మందు ఇది, ఒక పూట మర్చిపోతే కొంపలేం మునగవు, రేపు రెండు మాత్రం వేసుకోవద్దు. కొత్తగా మొదలుపెడితే పూర్తి ప్రభావం తెలియడానికి వారం పైనే పడుతుంది, మూడో రోజే బీపీ చూసి పనిచెయ్యట్లేదు అంటే ఎలా?

ఇంకోటి, మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగేస్తుంటారు, అది బీపీ పెంచుతుంది. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వాడేవాళ్ళు ఆమ్లోడిపిన్‌తో పాటైతే ఆ సిమ్వాస్టాటిన్ రోజుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, మీ చీటీ చూపించి అడగండి.

ఇంక మీ డౌట్లు చెప్పండి, మైకు అటు ఇవ్వు బాబూ.