మిగిలిన విత్తనాల మాట

శ్రోతలందరికీ నమస్కారం.

రోహిణి కార్తె ఎండలు చల్లబడి మృగశిర చినుకులు పడుతున్నాయంటే ఊళ్ళో, పట్నంలో పాదులు తవ్వే చేతులు ఆగవు. సొర, బీర, కాకర, బెండ, వంగ. పెరడున్నవారు పెరట్లో, లేనివారు మిద్దె మీద కుండీల్లో నాలుగు మొక్కలు పెట్టుకుంటారు. ఎంతో మంచి అలవాటు. అయితే విత్తనాల దుకాణానికి వెళ్ళినప్పుడు రంగురంగుల బొమ్మలు చూసి ఏడెనిమిది రకాలు కొనేస్తాం. ఒక్కో దాంట్లో చిటికెడు వాడతాం. మిగిలింది మడిచి అల్మారాలో పడేస్తాం. మరుసటి ఏడు అవే చల్లితే మొలవవు, మళ్ళీ కొంటాం. ఇంటి తోటలో డబ్బు ఎక్కువగా పోయేది విత్తనం ధర వల్ల కాదు, ఇలా మిగిలిపోయి పాడైన గింజల వల్లే. ఈ పూట నా మాటలన్నీ వాటి గురించే.

ముందు గింజల లెక్క చూద్దాం. ఒక గ్రాము టమాటా విత్తనంలో దాదాపు 300 గింజలుంటాయి. వంగ అయితే 200 పైచిలుకు. తోటకూర గ్రాముకు వెయ్యి దాటుతుంది. బెండ గింజ లావు కాబట్టి గ్రాముకు పదిహేను, పదహారు వస్తాయి. నలుగురున్న ఇంటికి పది టమాటా మొక్కలుంటే ధారాళం. పది గ్రాముల ప్యాకెట్ అంటే మూడు వేల గింజలు, అయిదారు గుంటల చేనుకు సరిపోయే సరుకు. పెద్ద ప్యాకెట్‌లో గ్రాము ధర తక్కువ పడుతుందన్నది నిజమే. కానీ మనకు కావలసింది చవకైన గ్రాము కాదు, మొలిచి కాసే మొక్క. అందుకే అపార్టుమెంటులోనో వీధిలోనో అయిదు ఇళ్ళవాళ్ళు కలిసి, తలా ఒక రకం కొని పంచుకోవడం అన్నిటికంటే తెలివైన పని. ఒక్కొక్కరికీ అయిదు రకాలు వస్తాయి, ఏదీ మిగిలి పాడవదు. బెండ, చిక్కుడు, బీర వంటి లావు గింజలు మాత్రం ఎవరికి కావలసినన్ని వారు కొనుక్కోవచ్చు.

కొన్నిటికైతే దుకాణానికి వెళ్ళే పనే లేదు. వంటింట్లోని మెంతులు, ఆవాలు, బొబ్బర్లు మొలుస్తాయి, పప్పుగా విరిగినవీ వేయించినవీ కాకుండా ఉంటే చాలు. ధనియాలూ అంతే. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి, కాబట్టి చెప్పుకిందో అప్పడాల కర్రకిందో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. పుదీనా, బచ్చలి కాడ గుచ్చితే వస్తాయి. మునగకు కొమ్మ చాలు.

కొనక తప్పనివాటికి వద్దాం. బొమ్మ చూడకండి, ప్యాకెట్ తిప్పి వెనక చూడండి. 1966 నాటి విత్తన చట్టం ప్రకారం నోటిఫై అయిన, అంటే ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన రకాలకు లేబుల్ మీద మొలక శాతం, స్వచ్ఛత, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ, లాట్ నంబర్ ఉండాలి. నీలం ట్యాగు ఉంటే అది ధ్రువీకరించిన విత్తనం. ఆకుపచ్చ లేబుల్ ఉంటే నాణ్యతకు ఆ కంపెనీయే పూచీ అని అర్థం. కనీస మొలక శాతం పంటను బట్టి మారుతుంది. టమాటాకు, వంగకు 70, బెండకు 65, మిరపకు, సొర బీర వంటి పాదులకు 60. అంటే మంచి మిరప విత్తనంలోనూ పదింట నాలుగు మొలవకపోవచ్చు. అది మోసం కాదు, ఆ పంట తీరే అంత. గడువు దగ్గరపడిన సరుకును తగ్గింపు ధరకు ఇస్తే, ఈ వారమే విత్తేటట్టయితేనే తీసుకోండి. దాచుకోవడానికి కొనవద్దు.

దుకాణంలో ఆ ప్యాకెట్ ఎక్కడ వేలాడుతోందో కూడా గమనించండి. ఎండ నేరుగా తగిలే గాజు తలుపు వెనక నెలల తరబడి ఉన్నదాన్ని, లేబుల్ ఎంత బాగున్నా, నేను కొనను. రశీదు అడిగి తీసుకోండి. ఖాళీ ప్యాకెట్‌నూ రశీదునూ కాయలు కాసేవరకు దాచండి. విత్తనం మోసమని ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఉండాల్సినవి ఆ రెండే. గులాబీ, నీలం రంగు పూసిన గింజలకు శిలీంధ్రనాశని మందు పట్టించి ఉంటుంది. వాటిని పిల్లలకు అందకుండా ఉంచండి, వాటిని ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, మిగిలాయని కోళ్ళకు వేయకండి.

ఇక హైబ్రిడ్డా, అంటే రెండు రకాలను కలిపి పుట్టించినదా, సూటి రకమా? హైబ్రిడ్ ఎక్కువ కాస్తుంది, కాదనను. కానీ దాని కాయలోంచి గింజ తీసి నాటితే తల్లి గుణం నిలవదు. ఒకటి పొడుగ్గా, ఒకటి గిడసగా, ఒకటి కాసీ కాయనట్టుగా వస్తాయి. ఏటేటా కొనాల్సిందే. సూటి రకం అలా కాదు, దాని గింజ నాటితే తల్లి గుణమే నిలుస్తుంది. ఒకసారి కొంటే జాగ్రత్తపడినన్నాళ్ళూ మనదే. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క వికాస్ టమాటా, అర్క అనామిక బెండ, ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా రూబీ టమాటా, మన తెలుగు నేల మీదే రూపుదిద్దుకున్న భాగ్యమతి వంగ, గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం విడుదల చేసిన మిరప సూటి రకాలు ఇలాంటివే. చేతిలో డబ్బు తక్కువున్నవారు వీటినే వెతుక్కోవాలి. ఇలా విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, అమ్ముకోవడం కూడా రైతు హక్కేనని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చెబుతోంది. ఒక్కటే షరతు, బ్రాండ్ పేరు పెట్టి అమ్మకూడదు.

సొంతంగా విత్తనం కట్టడానికి సులువైనవి టమాటా, చిక్కుడు, గోరుచిక్కుడు, బొబ్బర్లు. వీటి పూలు చాలావరకు తమలో తామే ఫలదీకరణ చెందుతాయి కనుక రకం పెద్దగా కలుషితం కాదు. టమాటా గింజ చుట్టూ జిగురు పొర ఉంటుంది, అది పోకపోతే గింజ సరిగా మొలవదు. బాగా పండిన కాయ గుజ్జును గిన్నెలో పిండి, ఒకటి రెండు రోజులు మూతపెట్టి పులియనివ్వండి. పైన తెల్లటి తెట్టు కడుతుంది, వాసన వస్తుంది, కంగారుపడకండి. నీళ్ళు పోసి కలిపితే గట్టి గింజలు అడుగుకు చేరతాయి, పొల్లు పైకి తేలుతుంది. తేలినదాన్ని వంపేసి, మిగిలినవాటిని కడిగి పళ్ళెంలో పలుచగా ఆరబెట్టండి. కాగితం మీద వద్దు, అతుక్కుపోతాయి.

బీరకాయను తీగ మీదే ఎండనివ్వాలి. పట్టుకుని ఊపితే గలగలమనాలి. అప్పుడు కొసన ఉన్న చిన్న మూత ఊడదీసి కాయను బోర్లిస్తే నల్లటి గింజలు జలజలా రాలతాయి. మిగిలిన పీచు ఒళ్ళు రుద్దుకోవడానికి పనికొస్తుంది. పాదు జాతులతో ఒక చిక్కుంది. పక్కింటి తీగ పుప్పొడి తేనెటీగ మోసుకొస్తే మన రకం చెడుతుంది. రకం నిలవాలనుకుంటే సాయంత్రం విచ్చుకోబోయే ఆడమొగ్గకు పలుచటి గుడ్డ సంచి తొడిగి, విచ్చాక మగపువ్వు కేసరాలను దాని మీద అద్ది, మళ్ళీ సంచి కట్టి, ఆ కాయకు దారం గుర్తు పెట్టాలి. బీర, సొర పూలు సాయంత్రం పూస్తాయి, గుమ్మడి, దోస తెల్లవారి పూస్తాయి. చేదు వచ్చిన సొరకాయను తినకండి, అది ప్రమాదం. దాని గింజ కూడా ఉంచకండి.

ఇక దాచడం. విత్తనం ప్రాణమున్న వస్తువు, లోపల మెల్లగా శ్వాసిస్తూ ఉంటుంది. తేమ, వేడి పెరిగేకొద్దీ ఆ శ్వాస పెరిగి ఆయుష్షు తరుగుతుంది. విత్తన శాస్త్రజ్ఞుడు హారింగ్టన్ చెప్పిన సూత్రం ఒకటుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది, నిల్వ చేసే చోట వేడి అయిదు డిగ్రీలు తగ్గినా మళ్ళీ రెట్టింపవుతుంది. వేడి తగ్గించడం మన వాతావరణంలో ఖర్చుతో కూడిన పని. తేమ తగ్గించడానికి ఖర్చే లేదు. అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఆరబెట్టడం గురించే. మన కోస్తా ఊళ్ళలో శ్రావణ, భాద్రపదాల్లో గాలే తడిగా ఉంటుంది. తెరిచి ఉంచిన ప్యాకెట్‌లోని గింజ ఆ తేమను పీల్చుకుంటుంది. మిగిలిన గింజలు చావడానికి అసలు కారణం ఇదే.

ఉదయపు ఎండలోనో గాలి ఆడే నీడలోనో ఆరబెట్టండి. మిట్టమధ్యాహ్నం మిద్దె గచ్చు మీద పోస్తే లోపలి మొలక ఉడికిపోతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి సొర గింజను వంచి చూడండి. వంగితే తేమ ఉన్నట్టు, పుటుక్కున విరిగితే ఆరినట్టు. చిక్కుడు గింజ మీద గోరు గుచ్చితే గాటు పడకూడదు. వాన రోజుల్లో ఇంకో ఉపాయం ఉంది. గుప్పెడు బియ్యాన్ని లేత గోధుమరంగు వచ్చేదాకా దోరగా వేయించి, గాజు సీసాలో సగం దాకా పోసి, వెంటనే బిగుతుగా మూతపెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. తరువాత విత్తనాల కాగితం పొట్లాలను దాంట్లో పెట్టి మూత బిగించండి. రెండు వారాల్లో ఆ బియ్యం గింజల్లోని తేమను చాలావరకు లాగేస్తుంది. ఆపైన పొట్లాలను ఇంకో పొడి సీసాలోకి మార్చండి.

ఫ్రిజ్ ఉంటే ఆ సీసాను కింది అరలో పెట్టవచ్చు, ఫ్రీజర్‌లో కాదు. బయటికి తీయగానే మూత తెరవకండి. చల్లటి గింజల మీద గాలిలోని తడి మంచులా పడుతుంది. గది వేడికి వచ్చేదాకా, కొన్ని గంటలు, అలాగే ఉంచండి.

ఫ్రిజ్ లేనివారు చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు పదుల రకాల విత్తనాలను మట్టి, పేడ అలికిన గంపల్లో, బూడిద, ఎండు వేపాకు కలిపి ఇళ్ళలోనే కాపాడుతున్నారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. బూడిద గింజల మధ్య సందులు నింపి పుచ్చు పురుగు కదలకుండా చేస్తుంది. బొబ్బర్లకు, చిక్కుడుకు ఇది తప్పనిసరి, ఎందుకంటే పురుగు గుడ్లు చేనులోనే కాయకు అంటుకుని ఇంటికి వస్తాయి. చల్లారిన, జల్లించిన కట్టెల బూడిదే వాడాలి.

ప్రతి పొట్లం మీద పంట, రకం, ఏ నెల ఏ ఏడు తీసినదో పెన్సిలుతో రాయండి. ఏడాది దాటిన గింజను మొలక చూడకుండా చల్లకండి. ఇరవై గింజలు లెక్కపెట్టి, తడిపి పిండిన నూలు గుడ్డలో వరుసగా పరిచి చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో వదులుగా మూతపెట్టి ఉంచండి. గుడ్డ ఆరనివ్వకూడదు, నీళ్ళు కారేట్టూ ఉండకూడదు. బొబ్బర్లు మూడు రోజుల్లో తెలిసిపోతాయి, బెండకు, టమాటాకు వారం, వంగకు, మిరపకు రెండు వారాలు ఓపిక పట్టాలి. ఇరవైలో పన్నెండు మొలిస్తే పారేయకండి, కాస్త ఒత్తుగా చల్లితే సరిపోతుంది. నాలుగైదే మొలిస్తే ఆ విత్తనం మీద ఆశ వదులుకోండి. ఆ మొలకల్ని జాగ్రత్తగా కుండీలో నాటితే అవీ దక్కుతాయి.

బాగా దాచిన టమాటా, వంగ, దోస, గుమ్మడి నాలుగైదేళ్ళు వస్తాయి. బెండ, మిరప రెండేళ్ళు. ఉల్లి విత్తనం ఏడాది దాటితే నమ్మలేం, దాన్ని కావలసినంతే కొనండి. కరివేపాకు గింజను అసలే దాచలేం. ఎండితే అది చచ్చిపోతుంది. వానాకాలంలో చెట్టున పండ్లు నల్లబడగానే కోసి, గుజ్జు కడిగేసి, ఆ రోజో మర్నాడో మట్టిలో పెట్టేయండి.

సెలవు, నమస్కారం.