గరగర ట్రాన్స్‌ఫర్ కేస్‌ది కాదు మహాప్రభో, వేలెడు రబ్బరు పైపుది!

ట్రాన్స్‌ఫర్ కేస్, అదే ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె, దాన్ని విప్పకండి. మళ్ళీ చెప్తున్నా, విప్పకండి! ఫోర్ వీల్ డ్రైవ్ బండి ముందు వైపు నుంచి గరగరమని చప్పుడొస్తే, స్పానర్ పట్టుకుని కిందికి దూరేముందు ఒక్క పని చెయ్యండి. బానెట్ ఎత్తండి.

పోయిన వీడియోలో ఇదే మాట అంటే మెకానిక్ అన్నలు నా మీద ఒంటికాలి మీద లేచారు. "గేరు పళ్ళు నలిగే చప్పుడు రబ్బరు పైపు వల్ల ఎలా వస్తుంది రా" అని. వస్తుందన్నా, ఎందుకు రాదు!

కొన్ని బళ్ళలో ముందు హబ్బులు, అంటే చక్రాన్ని యాక్సిల్‌కి (ఇరుసుకి) కలిపే, విడదీసే భాగాలు, వాక్యూమ్‌తో, అంటే గాలి లాగుడుతో పనిచేస్తాయి. ఫోర్డ్ ఎఫ్-150లో 2004 మోడల్ నుంచి వచ్చింది ఈ రకమే. ఇందులో తిరకాసేంటంటే, ఇంజన్ నుంచి రబ్బరు పైపులో వచ్చే వాక్యూమ్ హబ్బుని కలపదు, విడదీసి పట్టుకుంటుంది! టూ వీల్‌లో పోతున్నంతసేపూ ఆ లాగుడు ఉండి తీరాలి. లాగుడు పోతే లోపలి స్ప్రింగు పళ్ళ రింగుని తోసి చక్రాన్ని యాక్సిల్‌కి కలిపేస్తుంది. పూర్తిగా పోతే గొడవే లేదు, టక్కున కూర్చుంటుంది. సగం పోయిందనుకోండి? రింగు కలవదు, విడవదు. చక్రంతో పాటు తిరిగే పళ్ళు ఒకవైపు, ఇంచుమించు నిలబడిపోయిన యాక్సిల్ పళ్ళు ఇంకోవైపు. అంచూ అంచూ రాసుకుంటాయి. గర్ర్ర్ర్!

అసలు మజా ఇక్కడుంది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాం కదా, సరిగ్గా అప్పుడే పెట్రోల్ ఇంజన్ మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టంలో) వాక్యూమ్ పడిపోతుంది. ఉన్న లాగుడు జారిపోకుండా మధ్యలో చెక్ వాల్వు పెట్టింది అందుకే. ఆ వాల్వు పట్టు వదిలినా, పైపులో వెంట్రుకంత పగులున్నా, ఎత్తు మీద గరగర. కాలు తీస్తే మాయం. ఫోర్ వీల్‌లో పెట్టండి, మళ్ళీ మాయం! పళ్ళు పూర్తిగా కలిసిపోయాయి కాబట్టి. మీరనే ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి చెయినే అరిగుంటే, ఫోర్ వీల్‌లో దాని మీద బరువు పడి గోల పెరగాలి కదా, తగ్గుతుందేంటి? దీనికి ఒక్కరూ జవాబు చెప్పలేదు.

ఈ పరీక్ష మట్టి మీదే చెయ్యండి, అదీ తిన్నగా పోతూ. ఎండిన తారు మీద ఫోర్ వీల్ వేసి స్టీరింగ్ తిప్పారంటే ముందు చక్రాలదొక వేగం, వెనక చక్రాలదొక వేగం. మధ్యలో డిఫరెన్షియల్ (ఆ వేగాల తేడాని సర్దే గేర్లు) లేని బండైతే డ్రైవ్‌లైన్ మొత్తం బిగుసుకుపోతుంది. తర్వాత నన్ను తిట్టొద్దు.

నాకింత మంట ఎందుకంటే, నా బండికి జరిగిందీ ఇదే. ఒక షెడ్డులో ఇచ్చాను, పేరు వద్దు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టేయమన్నట్టు, చప్పుడు అనగానే ట్రాన్స్‌ఫర్ కేస్ దింపేశారు. కొత్త చెయిను, కొత్త బేరింగులు, కొత్త సీళ్ళు. బండి తీసుకుని మొదటి ఎత్తు ఎక్కానో లేదో... గర్ర్ర్ర్. అదే పాట! చివరికి నేనే బానెట్ ఎత్తి పైపు వెంట వేలు పోనిస్తూ వెళ్ళా. పైకి నున్నగానే ఉంది. వంపు తిరిగే చోట కాస్త వంచితే చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది పగులు. వేలెడు ముక్క!

పైపు బాగుంటే హబ్బు దగ్గర చేతి వాక్యూమ్ పంపు తగిలించి లాగండి. గేజీ ముల్లు నిలబడితే హబ్బు మంచిదే. మెల్లగా దిగిపోతుంటే లీకు హబ్బులోనే ఉంది.

"నా బండిలో ఆ హబ్బులే లేవు" అంటారా. అయినా నా మాట మాటే, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆఖరున! బండి పోతుండగా స్టీరింగ్ కొంచెం కుడికీ ఎడమకీ ఊపండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగు మీద అనుమానం. బండి ఎత్తి, స్టాండు మీద నిలబెట్టి, ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద వేసి ఇంకో చేత్తో చక్రం తిప్పండి. చెడిన బేరింగైతే ఇసుక నలిగినట్టు ఆ స్ప్రింగులోంచి అరచేతికి తెలుస్తుంది. చెవి మోసపోవచ్చు గానీ అరచెయ్యి పోదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే సీవీ జాయింటు, అంటే చక్రం పక్కకి తిరిగినా యాక్సిల్ బలం అందించే కీలు. దాని రబ్బరు తొడుగు (బూటు) చిరిగి గ్రీజు చక్రం లోపలంతా చిమ్మి ఉంటుంది చూడండి.

అన్నట్టు ఒకసారి లోహం చీరేసినంత గోల! తీరా చూస్తే బ్రేకు డిస్కుకీ వెనక రేకుకీ మధ్య ఇరుక్కున్న గులకరాయి. రేకు కొంచెం వెనక్కి వంచితే టప్పున రాలిపడింది. దానికీ గేర్‌బాక్సు దింపమనేవాళ్ళేమో!

సరే, మెకానిక్ అన్నలకి ఒకటి వదిలేస్తా. ఫోర్ వీల్‌లో మాత్రమే, అదీ బరువు లాగేటప్పుడు, పళ్ళు దాటుతున్నట్టు ధన్ ధన్ మంటే అది చెయినే కావచ్చు. అప్పుడైనా ముందు ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ చూడండి. దించే బోల్టు కన్నా ముందు నింపే బోల్టు విప్పండి, అది పట్టేసి ఉంటే ఉన్న ఆయిల్ పోగొట్టుకుని కూర్చోవాలి. ఆయిల్లోని ఇనుప పొడి పట్టే అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు అంటుకుంటే కంగారు వద్దు. గోరంత ముక్కలు దొరికితే విప్పండి, నేనేం అడ్డురాను.

ఇప్పుడు నా బండి రికార్డింగ్ వేస్తున్నా. ఎత్తు ఎక్కుతున్నా, కాలు కింద ఉంది... విన్నారా? ఇదిగో, కాలు తీశా.