క్విక్ ఫార్మాట్ కొడితే ఫైళ్లు నిజంగా పోతాయా?

హోస్ట్: పెన్‌డ్రైవ్ ఎవరికైనా ఇచ్చేముందు రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ కొట్టేస్తాం. క్షణాల్లో ఖాళీ అయిపోతుంది. అంత తొందరగా ఎలా అన్నా?

అతిథి: లోపల చెరిపింది దాదాపు ఏమీ లేదు కాబట్టి! ఆ విండోలో కింద ‘క్విక్ ఫార్మాట్’ దగ్గర ముందే టిక్ పెట్టి ఉంటుంది, చూశావా? అలా వదిలేస్తే, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టిక మాత్రమే కొత్తగా తయారవుతుంది. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు. పేజీలన్నీ అలాగే ఉంటాయి.

హోస్ట్: అయితే ఎవరైనా బయటికి తీయొచ్చా?

అతిథి: ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాం చాలు. జేపెగ్ ఫొటో ఏదైనా ‘ఎఫ్ఎఫ్ డీ8’ అనే బైట్లతోనే మొదలవుతుంది. ఫొటోరెక్ పట్టిక జోలికి పోకుండా, అలాంటి గుర్తులు వెతుక్కుంటూ డ్రైవంతా గాలిస్తుంది. పొరపాటున ఫార్మాట్ కొట్టినవాళ్లకి ఇదే ఆశ. కొత్తవి పాతవాటి మీద పడిపోతాయి, అందుకే అలా జరిగితే దాంట్లోకి కొత్తగా ఏదీ కాపీ చేయకూడదు.

హోస్ట్: మరి పూర్తిగా తుడవాలంటే?

అతిథి: ఆ టిక్ తీసెయ్. విస్టా అనే వెర్షన్ నుంచి విండోస్ పూర్తి ఫార్మాట్‌లో డ్రైవంతా సున్నాలు రాస్తుంది. అంతకుముందు ఎక్స్‌పీలో పాడైన సెక్టార్లు, అంటే డిస్కులో చెడిపోయిన చోట్లు, ఉన్నాయేమో చూసేదంతే. పెద్ద డిస్కుకి గంటలు పడుతుంది, పట్టనీ. ఆధార్, బ్యాంకు కాగితాల స్కాన్‌లు పెట్టుకున్న డ్రైవ్‌ని క్విక్ ఫార్మాట్‌తో ఇంకొకరి చేతికి ఇవ్వడం నాకైతే అసలు నచ్చదు.

హోస్ట్: ఫైల్ సిస్టమ్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి, ఏది పెట్టుకోవాలి?

అతిథి: విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా పెద్ద వీడియో ఎక్కదు. పాత టీవీకో కారు స్టీరియోకో అయితే ఫ్యాట్32నే పెట్టాలి. ఎన్‌టీఎఫ్ఎస్ పెడితే మామూలుగా మ్యాక్ చదువుతుందే గానీ రాయదు. కెమెరా కార్డుని మాత్రం కెమెరాలోనే ఫార్మాట్ చేసుకో.

హోస్ట్: స్టార్ట్ నొక్కేముందు ఒక్కసారి చూసుకోవాల్సింది?

అతిథి: కెపాసిటీ! డ్రైవ్ అక్షరాన్ని నమ్మకు, ఈరోజు ‘ఈ’ అయింది రేపు ‘ఎఫ్’ కావచ్చు. 32 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్‌లో 29 దగ్గర్లో చూపిస్తుంది. 931 అని కనబడిందా, అది నీ 1 టీబీ డిస్కు. బ్యాకప్ అంతా అందులోనే ఉండి ఉంటుంది, వెంటనే విండో మూసెయ్.