తూకానికి వెళ్లిన ప్రతులు

అందరికీ నమస్కారం.

గ్రంథాలయాల వాళ్లకి కొత్తదంటే బెదురని ఒక పేరుంది. పూర్తిగా అబద్ధం అనను. 1492లో జర్మనీలో ట్రితెమియస్ అనే మఠాధిపతి, తోలు మీద చేత్తో రాస్తే వెయ్యేళ్లు ఉంటుంది, కాగితం మీద అచ్చువేసింది ఎన్నాళ్లుంటుందని నిలదీస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. రెండేళ్లకి దాన్నీ అచ్చే వేయించాడనుకోండి! అంటే బెదురు నాలుగు రోజుల ముచ్చట. నా బాధంతా అది తీరాక జరిగేదాని గురించి.

ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయానికి 1623 నాటి షేక్స్‌పియర్ నాటకాల సంపుటి చేరింది. 1664లో మరికొన్ని నాటకాలు కలిపి కొత్త కూర్పు వచ్చింది. ఇక పాతదెందుకు? అది గడప దాటింది. 1906లో అదే ప్రతిని, చందాలు పోగుచేసి 3,000 పౌండ్లు పోసి మళ్లీ కొనుక్కున్నారు.

పేజీల్ని చిన్న చిన్న ఫొటోలుగా తీసి దాచే మైక్రోఫిల్మ్ వచ్చాకా ఇదే వరస. పాత దినపత్రికల్ని ఫిల్మ్ మీదికి ఎక్కించి, బైండు పుస్తకాల్ని వదిలించుకున్న గ్రంథాలయాలు అమెరికాలో చాలా ఉన్నాయి. ఫిల్మ్‌లో రంగు బొమ్మలన్నీ నలుపు తెలుపు. పైగా ఎసిటేట్ ఫిల్మ్ పాడవడం మొదలైతే డబ్బా మూత తీయగానే గుప్పుమని వెనిగర్ వాసన కొడుతుంది.

మన సంగతికొస్తాను. తెలుగు పుస్తకానికి ఒక గూడు కావాలని 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మన హైదరాబాద్. నూరేళ్లకి కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాల స్కానింగ్ తలపెడితే, మన ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రమైంది. నాబోటి వాళ్లు ఆ పనికి ఎంతో రుణపడి ఉన్నాం. అర్ధరాత్రి ఫోన్‌లో పాత తెలుగు పుస్తకం తెరవగలగడం చిన్న విషయం కాదు.

అయితే ఒకసారి, ఎక్కడో దొరికిన స్కాన్‌లో ఒక పద్యం మీద పేజీ పట్టుకున్నవారి బొటనవేలు పడింది. గోరుతో సహా కనిపిస్తోంది. మూడో పాదంలో రెండు మాటలు దాని కిందే ఉండిపోయాయి. అసలు ప్రతి కోసం ఒక గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడాయన మర్యాదగానే చెప్పారు: "అవన్నీ నెట్‌లో ఉన్నాయి కదండీ, జాగా చాలక తూకానికి ఇచ్చేశాం."

గణాల లెక్క చూసి ఆ రెండు మాటల్నీ ఊహించాలని చాలాసార్లు కూర్చున్నాను. యతి దగ్గరే ఆగిపోతున్నాను.