చెమట పట్టని చల్లటి స్లాబు

ఆఫీసు భవనాల్లో కరెంటు ఆదా లెక్కలు కాగితం మీద ఎప్పుడూ బాగానే ఉంటాయి. రెండు ఏసీ పద్ధతులను పక్కపక్కన పెట్టి కొలిచి చూపించినవే తక్కువ. హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో పూర్తిచేసిన భవనం అలాంటిది. ఒకే భవనం, సరిసమానంగా రెండు సగాలు. ఒక సగానికి గాలితో చల్లబరిచే వీఏవీ ఏసీ (అవసరాన్ని బట్టి గాలి మోతాదు మార్చేది), రెండో సగానికి స్లాబులో గొట్టాలు వేసి చల్లటి నీళ్ళు తిప్పే రేడియంట్ కూలింగ్. రెండేళ్ళ కొలతల్లో రేడియంట్ వైపు ఏసీ కరెంటు వాడకం 34 శాతం తక్కువ తేలింది. వీఏవీ వైపు కూడా నాసిరకం కాదు, జాగ్రత్తగా డిజైన్ చేసిందే. అందుకే ఆ అంకెను నమ్మవచ్చు.

ఆదా ఎక్కడిదంటారా? ఒక ఘనపు మీటరు నీరు అంతే గాలి కంటే సుమారు 3,500 రెట్లు వేడి మోస్తుంది. పెద్ద ఫ్యాన్లు చేసే పని చిన్న పంపులతో అయిపోతుంది. పైగా గాలిలోని తేమ తీయాలంటే చిల్లర్ (నీళ్ళను చల్లబరిచే యంత్రం) ఇచ్చే నీళ్ళు 7 డిగ్రీల దగ్గర ఉండాలి. స్లాబుకు 16 చాలు. నీళ్ళు ఒక డిగ్రీ వెచ్చగా ఉంటే చిల్లర్ కరెంటు 2, 3 శాతం తగ్గుతుంది.

చిక్కంతా తేమతోనే. స్లాబు వేడి తీస్తుందే గాని తేమ తీయదు. ఆ పని బయటి గాలి తెచ్చే యూనిట్ చెయ్యాలి. గది 26 డిగ్రీలు, తేమ 50 శాతం అయితే డ్యూ పాయింటు, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత, 15 లోపే. తేమ 60 అయిందా, 17.6కు ఎక్కుతుంది. నిన్నటిదాకా బాగున్న 16 డిగ్రీల నీళ్ళే ఇవాళ చెమట పట్టిస్తాయి. ముందు తడిసేది స్లాబు కాదు, మానిఫోల్డు (గొట్టాలన్నీ వచ్చి కలిసే చోటు) దగ్గర ఇన్సులేషన్ వదిలేసిన ఇత్తడి జాయింటు. కింద మరక కనబడితే లీకు అనుకుని గొట్టాలు తవ్వకండి, ముందు డ్యూ పాయింటు చూడండి. డ్యూ పాయింటు సెన్సర్ గది మధ్యలో ఒక్కటే పెడితే చాలదు, లాబీ తలుపు దగ్గర ఇంకొకటి కావాలి. సెలవుల్లో ఆగి ఉన్నాక సోమవారం పొద్దున తేమ తీసే యూనిట్ ముందు నడిపి, డ్యూ పాయింటు దిగాకే స్లాబు నీళ్ళ పంపు వెయ్యండి. వానాకాలంలో బయటి డ్యూ పాయింటు 25 చుట్టూ ఉండే విశాఖలో తలుపుల సందులు మూయకుండా ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మేలు.

కట్టేటప్పుడు గొట్టాలను ఒకదానికొకటి సుమారు 150 మిల్లీమీటర్ల ఎడంతో స్లాబు ఇనుప చువ్వలకు కడతారు. కాంక్రీటు పోస్తున్నంతసేపూ వాటిని ప్రెషర్‌లోనే ఉంచి, గేజ్ దగ్గర మనిషిని నిలబెట్టాలి. వైబ్రేటర్ తగిలి గొట్టం పగిలితే ముల్లు వెంటనే పడిపోతుంది, తడి కాంక్రీటులో అప్పటికప్పుడు సరిచేయొచ్చు. ఆ గండం గడిచాక వచ్చేది డ్రిల్లు పట్టుకున్న సీలింగ్ మేస్త్రీ. కాంక్రీటు పోతకు ముందే కొలత టేపు పెట్టి గొట్టాల ఫొటోలు తీసి ఉంచితే రంధ్రం ఎక్కడ వేయొచ్చో చెప్పగలరు. ఫాల్స్ సీలింగ్ మాత్రం వద్దు, స్లాబు చలువ గదికి చేరదు. మాటల ప్రతిధ్వని తగ్గాలంటే నిలువు బ్యాఫిల్స్ (శబ్దాన్ని పీల్చే పలకలు) వేలాడదీయండి.