ఆ దురద క్రీమ్ ట్యూబు ఒకసారి తిప్పి చూడండి

అందరికీ నమస్కారం. గజ్జల్లో తామర వస్తుంది. డాక్టరుకు చూపించుకోవాలంటే సిగ్గు. మెడికల్ షాపుకు వెళ్లి "అన్నా, దురదకు ఏదైనా క్రీమ్ ఇవ్వు" అంటాం. ఆయన ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది, మనం రాయడం మానేస్తాం. కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఇంకా పెద్ద మచ్చగా. మళ్లీ అదే ట్యూబు.

ఆ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి పేరు ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. పక్కన ఫంగస్ మందు పేరు కూడా ఉంటుంది కాబట్టి సరైన మందే అనిపిస్తుంది. కానీ తామర ఫంగస్ వల్ల వచ్చేది. స్టెరాయిడ్ చర్మంలోని వాపునూ, రోగనిరోధక శక్తినీ అణిచేస్తుంది. దాంతో దురద తెలియదు, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. గుండ్రటి అంచు చెరిగిపోతుంది, డాక్టరు కూడా చూడగానే పోల్చుకోలేనంతగా మారిపోతుంది. తొడల మీద చర్మం పలచబడి చారలు పడితే అవి పూర్తిగా పోవు. పెళ్లీడు పిల్లలు ఆ చారలతో బాధపడటం చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

తెల్లబడాలని ఇవే ముఖానికి రాసేవాళ్లూ ఉన్నారు. మొదట రంగు తేలినట్టు ఉంటుంది. తర్వాత మొటిమలు, ఎర్రటి సన్నటి రక్తనాళాలు, ఎండ తగిలితే మంట. మానేస్తే ముఖం ఇంకా మండుతుంది, అందుకే మానలేరు. చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొత్తుకోగా, 2018లో కేంద్రం ఈ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు.

అలాగని స్టెరాయిడ్ అన్న మాటకే భయపడకండి. ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు), సోరియాసిస్ (చర్మం మందమై పొలుసులు రాలే జబ్బు) లాంటి వాటికి ఇది మంచి మందు, 1950ల నుంచీ వాడుతున్నారు. పిల్లాడికి ఎగ్జిమా ఉంటే, డాక్టరు రాసిచ్చినా భయంతో చుక్కంత పూసి వదిలేస్తారు. వాడు రాత్రంతా గోక్కుంటూనే ఉంటాడు. అదీ తప్పే.

ఎంత రాయాలి? పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి గీత నుంచి కొన దాకా క్రీమ్ పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. పిల్లలకు రాసేటప్పుడూ పెద్దవాళ్ల వేలితోనే కొలవండి. మామూలుగా రోజుకు ఒకటి రెండుసార్లు చాలు. క్లోబెటసాల్ అన్నిటికన్నా బలమైన తరగతిది, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వరుసగా 2 వారాలు దాటకూడదు. ముఖం, చంకలు, గజ్జల్లో మందు ఎక్కువగా లోపలికి పోతుంది, అక్కడికి తక్కువ బలం ఉన్నవే రాసిస్తారు. కంటి చుట్టూ సొంతంగా అసలు రాయొద్దు, గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) ప్రమాదం ఉంది. పసిపిల్లలకు డైపర్ కింద కూడా వద్దు.

నెలల తరబడి రాసినవాళ్లు సొంతంగా ఆపి, తట్టుకోలేక మళ్లీ మొదలుపెట్టకండి. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి, వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, పట్టుకెళ్లండి. కాస్త పొట్టు గీకి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ ఉందో లేదో చాలాసార్లు తెలిసిపోతుంది. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి. ఒకే తువ్వాలు వాడే ఇంట్లో ఒక్కరికే మందు వేస్తే తామర మళ్లీ తిరిగొస్తుంది.