వగరు అనే మాట మన దగ్గర ఉంది
(జర్మనీలోని మైంజ్‌లో తెలుగువాళ్ల వైన్ రుచి సాయంత్రానికి ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీ ముందు నాలుగు గ్లాసులున్నాయి. ఇంకో రెండు సీసాలు వంటగదిలో ఫ్రిజ్‌లో ఉన్నాయి, అవి చివర్లో వస్తాయి. పోసింది రెండు మూడు గుక్కలే. ఉమ్మేయడానికి పక్కన పెద్ద కప్పులు పెట్టాం. వైన్‌ను పరీక్షించేవాళ్లందరూ రోజూ చేసే పనే అది, మొహమాటపడకండి. కారు నడిపేవాళ్లు తప్పకుండా ఉమ్మేయండి. అసలు తాగనివాళ్లు వాసన చూస్తే చాలు. ఈ పనిలో ముక్కుదే పెద్ద భాగం.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక రుచి చూసే క్లాసుకి వెళ్లాను. చుట్టూ ఉన్నవాళ్లు బ్లాక్ కరెంట్, గూస్‌బెర్రీ, దేవదారు అంటూ రాసుకుంటున్నారు. నేను బ్లాక్ కరెంట్ ఎప్పుడూ తిని ఎరగను. అయినా పక్కవాళ్లు అన్నదే నా పుస్తకంలో రాసుకున్నాను. మూడో గ్లాసు ఎర్ర వైన్. గుక్క నోట్లో పోసుకోగానే నాలుక మొద్దుబారినట్టయింది, చిగుళ్లు బిగిశాయి. చిన్నప్పుడు పెరట్లో కసుగాయ సపోటా కొరికినప్పుడు అయినట్టే అయింది. వగరు! దాన్ని ఇక్కడ ఏమంటారని పక్కావిడని అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి "డ్రై" అంది. కానీ వైన్ భాషలో డ్రై అంటే తీపి లేనిది అని. నోరు ఆరిపోవడం వేరు, తీపి లేకపోవడం వేరు. కొత్తవాళ్లు ఈ రెండూ కలిపేస్తారు. మనకి ఆ ఇబ్బంది లేదు. ఉగాది పచ్చడిలో లేత మామిడి ముక్క తొక్కతో సహా నమిలిన ప్రతి పిల్లకీ వగరు అంటే ఏమిటో తెలుసు.

అందుకే ఈ సాయంత్రం మీకు ఒకటే మనవి. ఏ గ్లాసైనా ఎత్తి "బాగుందా, బాగాలేదా" అని అడగొద్దు. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని "వీటికి తేడా ఏమిటి" అని అడగండి. జవాబు తెలుగులో చెప్పండి. ఒక్క గ్లాసు తాగితే ఇష్టమో అయిష్టమో తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. రెండోది పక్కన ఉన్నప్పుడే మొదటిదాని పులుపు ఎంతో, బరువు ఎంతో తెలుస్తుంది.

మొదటి జత రెండూ తెల్ల వైన్లు. ఒకటి ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న మోసెల్ లోయ వైన్, రీస్లింగ్ ద్రాక్షది, కాబినెట్ అనే తేలిక రకం. రెండోది ఫ్రాన్సులో షాబ్లీ, అది షార్డొనే ద్రాక్షతో చేస్తారు. మోసెల్ కొండలు మీలో చాలామంది చూసే ఉంటారు. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ తోట వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. అక్కడ నేలంతా పలకరాళ్లే. మనం బళ్లో రాసుకున్న పలకలాంటి రాయే. పగలు ఎండ తాగి రాత్రి ఆ వేడిని తిరిగి ఇస్తుంది. ఇంత ఉత్తరాన, ఇంత చలిలో ద్రాక్ష పండడానికి ఆ వేడి సాయం కావాలి. అయినా పండు పులుపు పోదు. అందుకే చాలా కాబినెట్ వైన్లలో కొంత చక్కెర పులియకుండా ఉంచుతారు. ఆల్కహాల్ 8, 9 శాతం దగ్గరే ఆగిపోతుంది. పులుసులో బెల్లం ముక్క వేస్తే పులుపు పోదు, నోటికి ఒప్పుతుంది. ఇక్కడా అంతే. షాబ్లీలో ఆ బెల్లం ముక్క లేదు. పులుపు ఒంటరిగా, సూటిగా వస్తుంది. అక్కడి సున్నపు నేలలో సుమారు 15 కోట్ల ఏళ్ల నాటి చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలుంటాయి. ఆ చిప్పల రుచే గ్లాసులోకి వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. నేను ఆ మాట నమ్మను. రాయి రుచి వేళ్ల గుండా నేరుగా పండులోకి ఎక్కదని భూగర్భ శాస్త్రవేత్తలు వివరిస్తూనే ఉన్నారు. నేల నీటిని ఎలా పట్టి ఉంచుతుంది, ఎంత వేడెక్కుతుంది అన్నవే పండుని మారుస్తాయి. తడి సుద్ద వాసన నాకూ వస్తుంది, దాన్ని కాదనను. అది ఆల్చిప్పల నుంచి వచ్చిందనడమే ఒప్పుకోను.

ఆవకాయతో, గోంగూర మాంసంతో ఏం తాగాలని నన్ను చాలామంది అడుగుతారు. ఈ రీస్లింగే నా జవాబు. ఆల్కహాల్ ఎక్కువైనా, వగరు ఎక్కువైనా కారం మంట పెరుగుతుంది. తక్కువ ఆల్కహాల్, కాస్త తీపి ఉంటే మంట సద్దుకుంటుంది.

ఇక రెండో జత. ఈ సాయంత్రం ఎక్కువసేపు దీని దగ్గరే ఉందాం.

రెండు గ్లాసులూ వెలుతురుకి పట్టి చూడండి. రెండూ లేత ఎరుపే, గ్లాసు వెనక వేలు కనిపిస్తుంది. ఒకటి ఫ్రాన్సులో బుర్గుండీ, పినో న్వార్ ద్రాక్ష. రెండోది ఇటలీలో పియెమొంతే నుంచి వచ్చిన బరోలో, నెబ్బియోలో ద్రాక్ష. రంగు చూసి రెండూ తేలికవే అనుకుంటాం. కళ్లు ఇలాగే మోసం చేస్తాయి. 2001లో బోర్డో పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్ చదువు చదువుతున్న 54 మందికి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. వాళ్లకి చదువు తక్కువై కాదు. కన్ను ముందు చెప్పింది, ముక్కు ఊకొట్టింది. అందుకే కళ్లు మూసుకుని మొదలుపెట్టండి.

ముందు బుర్గుండీ. వగరు ఉంది, కానీ సన్నగా ఉంది. బాగా మగ్గిన నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలేంత. ఇప్పుడు బరోలో. ఎండిన గులాబీ రేకులు, ఆ వెనకే కొత్తగా వేసిన తారు రోడ్డు వాసన. నోట్లో పోసుకున్నాక చూడండి, వక్క నమిలినట్టు చెంపలు లోపలికి లాగుతాయి. వగరు మనకి ఆరు రుచుల్లో ఒకటి. శాస్త్రం మాత్రం దాన్ని ఎక్కువగా స్పర్శ కింద లెక్కేస్తుంది. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండే టానిన్లు అనే పదార్థాలు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. నోటికి ఆ జారుడు పోతుంది, నాలుక అంగిలికి రాసుకుంటుంది. దాన్నే మనం వగరు అంటున్నాం. ఇది తెలిస్తే ఇంకోటి కూడా అర్థమవుతుంది. బల్ల మీద చీజ్ ముక్కలున్నాయి. ఒకటి తిని మళ్లీ బరోలో తాగండి. టానిన్లకి పట్టుకోవడానికి వేరే ప్రోటీన్ దొరుకుతుంది, మీ నోటిని కొంత వదిలేస్తాయి.

ఈ వగరు దిగడానికి కాలం కావాలి. చట్ట ప్రకారం బరోలోను 38 నెలలు ఆపాలి, అందులో 18 నెలలు పీపాల్లో. అయినా సీసా తెరిచేటప్పటికి చాలా బరోలోలు ఇంకా బిగిసే ఉంటాయి. బజారులో ఒక సీసా కొని ఆ రాత్రే తాగి "ఇంత పేరున్న వైన్ ఇదా" అని బాధపడిన స్నేహితులు నాకున్నారు. వాళ్ల తప్పు కాదు, సీసా తప్పూ కాదు. పచ్చి అరటికాయని పండులా తినమంటే ఎలా?

మీరు రాసుకునేటప్పుడు వగరు అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. నేరేడు వగరా, జామ పిందె వగరా, వక్క వగరా, కరక్కాయ వగరా? వగరు వెనక చేదు ఉందా? చేదు ఉంటే గింజలు నలిగాయేమో. ఇన్ని మెట్లున్న వగరు మన నాలుకకి తెలుసు. దీన్ని వదిలేసి, ఎన్నడూ తినని పళ్ల పేర్లు అరువు తెచ్చుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఒక చిన్న సంగతి. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలంటారు. అది పాతకాలపు చల్లని రాతి ఇళ్ల మాట. హీటర్ పెట్టిన గదిలో అయితే సీసాని ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. హైదరాబాద్ వేసవిలో అయితే ఇంకాసేపు.

చివరి జత ఇప్పుడు ఫ్రిజ్ నుంచి వస్తోంది. రెండిటినీ సూక్ష్మజీవులే మార్చాయి. మొదటిది దక్షిణ స్పెయిన్‌లో హెరెజ్ నుంచి వచ్చిన ఫీనో షెర్రీ అనే తెల్ల వైన్. 600 లీటర్ల పీపాని నిండా నింపరు, ఖాళీ వదులుతారు. వైన్ పైన ఈస్ట్ మీగడలా తెట్టు కడుతుంది. దాన్ని ఫ్లోర్ అంటారు. ఆ తెట్టు గాలిని వైన్‌కి తగలనివ్వదు, వైన్‌కి నునుపునిచ్చే గ్లిజరాల్‌ని తినేస్తుంది. అందుకే ఇది ఇంత పొడిగా, ఉప్పు తగిలినట్టుగా ఉంటుంది. పులిసిన పిండి గిన్నె మూత తీసినప్పటి వాసన నాకు ఇందులో వస్తుంది. మొదటిసారి నచ్చకపోవచ్చు. బల్ల మీది వేయించిన బాదం పప్పుతో మళ్లీ ఒకసారి ప్రయత్నించండి.

రెండోది హంగేరీ తీపి వైన్, టోకాయ్ అసూ. బోద్రోగ్, టిసా నదుల పొగమంచు వల్ల పండు మీద బోట్రిటిస్ అనే బూజు పడుతుంది. ఆ బూజు తొక్కకి కన్నాలు పెడితే నీరు ఆరిపోయి, తీపీ పులుపూ చిక్కబడతాయి. ముడతలు పడ్డ ఆ పళ్లను ఒక్కొక్కటే చేత్తో ఏరతారు. 1737లోనే రాజాజ్ఞతో టోకాయ్ ప్రాంతానికి సరిహద్దులు గీశారు. లీటరుకి 120 గ్రాములకు తగ్గకుండా చక్కెర ఉంటుంది, కానీ పులుపు దాన్ని నిలబెడుతుంది, మొహం మొత్తదు. వాసన చూడగానే పుస్తకంలో ఆప్రికాట్ అని రాయబోయి ఆగండి. హైదరాబాద్ పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా తిన్నవాళ్లు ఇక్కడ సగం మందైనా ఉంటారు. ఖుబానీ అంటే ఎండు ఆప్రికాటే. రాత్రంతా నానిన ఆ ఖుబానీ, ఆ పాకం, అదే ఇది.

సీసాలు వచ్చేశాయి. ఫీనో ముందు పోయండి, చల్లగా ఉండగానే. టోకాయ్‌ని కాసేపు బల్ల మీద ఉంచండి. ఈలోగా రీస్లింగ్ గ్లాసు ఎడమ పక్క, షాబ్లీ కుడి పక్క పెట్టుకుని కళ్లు మూసుకోండి.